దండు లేని సేనాని

సియోల్‌లో పాత కంప్యూటర్ ఆట చివరి ఫైనల్ జరిగిన రోజున నామ్‌గుంగ్ సంగ్‌ఉక్ ఓడిపోయాడు. ఓటమి అతనికి కొత్త కాదు. కానీ ఓడినవాడి కంటే గెలిచినవాడే ఎక్కువ ఏడవడం మాత్రం ఆ రోజే చూశాడు. ఆ సాయంత్రంతో లీగ్ మూతపడింది. గెలిచినవాడికైనా, ఓడినవాడికైనా ఇక వెళ్లడానికి చోటు లేదు.

కుర్రతనమంతా సంగ్‌ఉక్ ఆ ఆటలోనే గడిపాడు. వేదిక మీది అద్దాల గదిలో ఒంటరిగా కూర్చుని తెర మీద గనులు తవ్వించేవాడు, కోటలు కట్టించేవాడు, ఒకేసారి మూడు చోట్ల యుద్ధం నడిపేవాడు. అతని వేళ్ల వేగాన్ని చూడడానికే కొందరు టికెట్టు కొనేవారు.

ఆ ఆటను మింగేసింది పరాయిది కాదు. ఎవరికి నచ్చిన రణరంగాన్ని వాళ్లు గీసుకునే వీలు అందులోనే ఉండేది. ఎవరో అభిమానులు సరదాకి ఒకటి గీశారు. అందులో సైన్యం తనంతట తాను నడుస్తుంది. ఆటగాడి చేతిలో ఒక్క వీరుడే ఉంటాడు. అయిదుగురు కలిసి అవతలి అయిదుగురితో తలపడాలి. సాధన మధ్య విరామంలో రామ్యోన్ నూడుల్స్ తింటూ సంగ్‌ఉక్ వాళ్లు దాన్ని ఆడి నవ్వుకునేవారు. అదే పెరిగి పెద్దదై, సొంత పేరు పెట్టుకుని వేరుపడి, ఊళ్లోని పీసీ బాంగుల్లో, అంటే గంటకింతని అద్దెకిచ్చే కంప్యూటర్ గదుల్లో, కుర్చీలన్నీ ఆక్రమించింది. ఏకు మేకై కూర్చుంది.

ఫైనల్ అయిన వారానికి కోచ్ అతన్ని పిలిపించాడు.

"కొత్త ఆటకి జట్టు కడుతున్నాం. సపోర్ట్ స్థానం ఖాళీగా ఉంది. వస్తావా?"

"అంటే ఏం చెయ్యాలి?"

"చీకటి అడవిలో దీపాలు పెట్టాలి, శత్రువు ఎటునుంచి వస్తున్నాడో మనవాళ్లకి కనబడేలా. అవసరమైతే నువ్వు చచ్చి పక్కవాణ్ణి బతికించాలి."

"కోచ్ గారూ, నేను దండులు నడిపినవాణ్ణి."

"తెలుసయ్యా. ఇప్పుడు ఒక్కణ్ణి నడుపు. అదీ సరిగ్గా నడుపు."

జట్టులో మిగతా నలుగురూ ఇరవై నిండనివాళ్లు. దాడి భారమంతా మోసేవాడు దోయున్, బుసానీ యాస, నోటి దురుసు. సంగ్‌ఉక్ మొదటి రోజు నుంచే ఆజ్ఞలు మొదలుపెట్టాడు. నువ్వు వెనక్కి రా, నువ్వు ఎడమకి పో, నువ్వు అక్కడే ఆగు. వరసగా ఓడిపోయారు. ఒకనాడు అందరూ చూస్తున్న మ్యాచ్ మధ్యలోనే దోయున్ హెడ్‌సెట్ లాగి పారేశాడు.

"నోరు మూస్తావా అన్నా కాస్త! నేనేమన్నా నీ గనికూలీనా?"

తనకంటే అంత పెద్దవాణ్ణి ఆ మాటనడం చిన్న విషయం కాదు. ఆట అయ్యాక కోచ్ దోయున్‌ని మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ చెప్పమన్నాడు. సంగ్‌ఉక్ వద్దన్నాడు. వాడి మాటలో తప్పు వెతకబోతే దొరకలేదు, అదే బాధ.

బయటికొచ్చేసరికి ఓక్‌జు అక్క నిలబడి ఉంది. బుచోన్‌లో బట్టలు ఉతికే దుకాణం నడిపే మనిషి. పాత ఆటలో అతని ప్రతి మ్యాచ్‌కీ పేరు రాసిన అట్ట పట్టుకుని వచ్చేది.

"సంగ్‌ఉక్, ఇక నేను రానయ్యా. ఏమీ అనుకోకు," అంది. "ఇందులో నువ్వెక్కడున్నావో నాకు కనబడటం లేదు. కళ్లు చిట్లించుకుని వెతికాను. వేళకింత అన్నం తిను, చిక్కిపోయావు."

అతను నడుము వంచి వందనం చేశాడు. తల ఎత్తేసరికి ఆమె మెట్రో మెట్లు దిగిపోతోంది. పిలుద్దామనుకున్నాడు. పిలిచి ఏం చెప్పాలి?

ఆ వారమంతా తన పాత విజయాల జోలికి పోకుండా కుర్రాళ్లు ఆడిన ఆటలే చూశాడు. దోయున్ గెలిచే పోరులో కూడా సగంలో జంకి వెనక్కి వస్తున్నాడు. వారం చివర వాడి పక్కన కూర్చున్నాడు.

"శత్రువుల మీదికి దూకేముందు నువ్వేం చూస్తావురా?"

"ఏంటన్నా, వెక్కిరింపా?"

"కాదు, తెలీక అడుగుతున్నా."

దోయున్ కాసేపు మౌస్ తీగతో ఆడుకున్నాడు. "నా వెనక ఎవరున్నారా అని చూస్తా. ఎవరూ ఉండరు. అందుకే ఆగిపోతా."

కింది లీగ్‌లోకి జారిపోతారా నిలబడతారా అని తేల్చే మ్యాచ్ వచ్చింది. చివరి పోరులో దోయున్ వీరుడు అడవి అంచున తటపటాయించాడు. "పోరా, నేనున్నా," అన్నాడు సంగ్‌ఉక్. దోయున్ దూకాడు. వాడి మీదికొచ్చిన దెబ్బలన్నిటికీ సంగ్‌ఉక్ అడ్డం పడ్డాడు. అతని వీరుడు చచ్చి, తెర బూడిదరంగుకి మారింది. పాత ఆటలో క్షణం ఆగని ఆ చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. పక్కన నలుగురూ కేకలు పెడుతూ శత్రువు కోట కూల్చేశారు.

వేదిక ముందు జనం దోయున్ పేరే అరిచారు. సంగ్‌ఉక్ తన కీబోర్డు తీగ చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు. సంతోషంగానే ఉంది. దాని కింద ఇంకేదో కూడా ఉంది, దానికతను పేరు పెట్టదలచుకోలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు హాన్ నది వంతెన ఎక్కుతుండగా దోయున్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పాత ఆటలో గెలిస్తే ఎలా ఉండేదన్నా?"

"పక్కకి తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు."

"అయితే ఇదే మేలన్నమాట."

"మేలూ కీడూ కాదురా. అది పోయింది. పోయినదాన్ని తక్కువ చేసి మాట్లాడకు."

"సరే అన్నా," అన్నాడు దోయున్ నెమ్మదిగా.

సంగ్‌ఉక్ మరికొన్నేళ్లు ఆ జట్టుకే ఆడి, అక్కడే కోచ్ అయ్యాడు. పాత ఆట సంగతులు అడిగిన కుర్రాళ్లకి ఓపిగ్గా అన్నీ చెప్పేవాడు. ఆడి చూపించమంటే మాత్రం లేచి బయటికి వెళ్లిపోయేవాడు.