చెయ్యెత్తని మడి

నీళ్ల డబ్బాకు తాళం వేసి, తాళంచెవిని బెల్టుకు తగిలించుకున్నాడు మేస్త్రీ లియాండ్రో. ఉల్లి తలలు కత్తిరిస్తూ కత్తిరిస్తూ, మడిలో అందరికీ పెద్దదైన చోనా అక్క ఎండకు సొమ్మసిల్లింది.

"తాళం తియ్యి! మనిషి పోయేట్టుంది," అరిచింది ఒతీలియా.

వాడు ఫోను చెవిన పెట్టుకుని, "మిగ్రా వస్తోంది!" అన్నాడు. అంతే.

వలస పోలీసుల పేరు వినగానే మడంతా పరుగు. ఒతీలియా కాలవలో పడింది. పక్కనే తేలిన ఫెర్మిన్, పెళ్లయి నెలైనా నిండని మొగుడు, ఆమె జుట్టులో నాచు తీస్తూ నవ్వాడు.

"నువ్వెందుకు పరిగెత్తావే? ఈ టెక్సాస్‌లోనే పుట్టావుగా!"

"మా అమ్మ పరిగెత్తినప్పుడల్లా చంకలో నేనే ఉండేదాన్ని. అలవాటైపోయింది."

తడిసిన అతని మీసం ఎంత ముద్దొచ్చిందో! ఆ మనిషిని ఏ రోజు సరిహద్దు అవతల పారేస్తారోనని అంతలోనే అతని చొక్కా గుప్పిట బిగించింది.

మిగ్రా రాలేదు. గట్టు మీద మేస్త్రీ ఇకిలిస్తున్నాడు. వాడి తాతా సరిహద్దు నది ఈదే వచ్చాడు. మేస్త్రీ తెల్లటోపీ పెట్టగానే మనవడికి ఆ తడి ఆరిపోయింది.

సాయంత్రం డబ్బులేసి బట్టలుతుక్కునే యంత్రాల దుకాణంలో అందరూ చేరారు.

"ఒక్క కేకకి నన్ను తొక్కుకుంటూ పోయారర్రా," అంది చోనా.

"రేపు పని ఆపి మడిలోనే కూర్చుందాం," అంది ఒతీలియా. "ఎవరెక్కడ పుట్టారో ఒక్కరం కూడా చెప్పొద్దు."

"మీకేం, పౌరులు! మిగ్రా బండెక్కేది మేం," కసిరాడు ముసలి తాసియో.

"పౌరురాలినే బాబాయ్, నీకంటే నాలుగు గుక్కలు ఎక్కువే బురద తాగాను."

నవ్వులు.

"నిన్నూ ఎక్కిస్తారే పిల్లా," అంది చోనా.

"ఎక్కించనీ అక్కా. మా ఆయన పక్కన సీటు దొరుకుద్ది."

మర్నాడు రాయితో తాళం పగలగొట్టి, కడుపారా తాగి, అందరూ మడిలోనే కూర్చున్నారు. మేస్త్రీ తిట్టాడు, బతిమాలాడు, ఈసారి నిజంగానే మిగ్రాను పిలిచాడు. ఆకుపచ్చ దుస్తులవాళ్లు దిగారు.

"ఈ దేశ పౌరులు చెయ్యెత్తి పక్కకు రండి. మిమ్మల్నేం చెయ్యం."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఫెర్మిన్ ఆమెను మోచేత్తో పొడిచాడు, పొమ్మని. ఒతీలియా కదల్లేదు.

"అది ఇక్కడిదే సార్," వేలు చూపాడు మేస్త్రీ.

"నిన్న నీళ్లడిగినప్పుడు ఎక్కడిదాన్నిరా లియాండ్రో?" అని, ఆమె అధికారి వైపు తిరిగింది. "ఆ టోపీ కింది మనిషి ఎక్కడివాడో కూడా అడగండి సార్."

అధికారి తల తిప్పి చూశాడు. చూశాడంతే! మేస్త్రీ చెయ్యి గబుక్కున పైకి లేచింది. ఆ మడిలో లేచిన చెయ్యి అదొక్కటే.

నవ్వు పొలం దాటింది. పక్క మడివాళ్లు కత్తెరలు పడేసి, గట్టు దాటి వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లకు చోటివ్వడానికి ఒతీలియా ఫెర్మిన్‌కు ఇంకాస్త దగ్గరగా జరిగింది.