నిద్ర లేపాల్సిన మాట

నూట నాలుగో సందేశం దగ్గర దయారత్నం జారిన కళ్లద్దాలను పైకి తోసుకున్నాడు. ‘డిస్కులో చోటు పది శాతమే మిగిలింది.’ ఎన్ని మానిటర్లు మారినా పందొమ్మిదేళ్లుగా అంటించుకుంటూ వస్తున్న పసుపు కాగితం వైపు అలవాటుగా చూశాడు. గుండ్రటి రాత, తనదే.

నిద్ర లేపాలా? ఎర్రర్.
పొద్దున చూడొచ్చా? వార్నింగ్.
ఎవరూ చూడకపోయినా ఫర్వాలేదా? ఇన్ఫో.

వార్నింగ్ అని కొట్టి, సీసాలోంచి గుక్కెడు నీళ్లు తాగాడు. భుజాలు వంగిన సన్నటి మనిషి, ఇంకా చొక్కా పైగుండీ పెట్టుకునే రకం.

పంజాగుట్టలోని ఆ కంపెనీ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. అది తనలో జరిగేదంతా లాగ్‌లో రాసుకుంటుంది. అందులో ఏ మాటకు ఎంత గొంతు ఇవ్వాలో తేల్చడమే దయారత్నం ఉద్యోగం. తను మాత్రం ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధని ఊరికే అన్నారా!

మార్చిలో మేనేజర్ వంశీధర్ టీ కప్పుతో వచ్చి ఆయన కుర్చీ మీద చెయ్యేశాడు. “ఏంటి దయారత్నం గారూ, ‘బ్యాకప్ పూర్తి కాలేదు’ అని ఎర్రర్ చూపిస్తే కస్టమర్లు హడలిపోతున్నారండీ. ఇన్ఫో చేసేయండి.”

“గది ఎర్రరే సార్. మనిషిని నిద్ర లేపాలె.”

“నేను చూసుకుంటాను కదా. మార్పుల చిట్టాలో నా పేరు మాత్రం రాయకండి, బాగోదు.”

ఇన్ఫోగా మార్చాడు. బాగోదని ఆ పేరు రాయలేదు. ఆ మర్యాదే కొంప ముంచింది.

నిన్న అమీర్‌పేటలో వీళ్ల సాఫ్ట్‌వేరే వాడే ఒక ల్యాబ్ సర్వర్ కూలింది. నాలుగు నెలల రోగుల రిపోర్టులు గల్లంతు. బ్యాకప్ జరగడం లేదని లాగ్ రోజూ చెబుతూనే ఉంది, ఎవరూ చదవని వరుసల్లో.

మధ్యాహ్నం మీటింగులో వంశీధర్ ఆ మార్పును తెర మీద చూపించాడు. పక్కన ఒకటే పేరు, దయారత్నం.

“మీరే చెప్పిన్రు గద సార్,” అన్నాడు దయారత్నం, ఎప్పటిలాగే మెల్లగా.

“ఎక్కడ చెప్పానండీ? మెయిల్ ఏదీ?”

అరవాలనిపించింది. పందొమ్మిదేళ్లుగా వాడని గొంతు ఆ పూట మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? వంశీధర్ ముందుకు తోసిన రాజీనామా కాగితం మీద కూడా గుండ్రంగానే సంతకం పెట్టాడు.

ఐదున్నరకు టిఫిన్ డబ్బా, సీసా సంచిలో సర్దుకున్నాడు. పసుపు కాగితం పైఅంచు టేపు ఊడదీసి, మరెందుకో ఆగిపోయాడు.

“తీస్కో అన్నా, నీదే గద,” అన్నాడు బయటిదాకా దింపి రమ్మంటే వచ్చిన సెక్యూరిటీ దుర్గేష్.

“ఉండనీ భాయ్. వచ్చేటోళ్లకు పనికొస్తది.”

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఖాళీ కుర్చీ ముందు కాగితం పైభాగం ముందుకు వాలింది. పై రెండు వరుసలూ మడతలో పడిపోయి, ‘ఎవరూ చూడకపోయినా ఫర్వాలేదా?’ ఒక్కటే కనబడుతోంది.