పసుపు రిబ్బను కుర్చీ

మా బడిలో అందరికంటే పెద్ద విద్యార్థికి నాలుగున్నరేళ్ళు. వార్షికోత్సవానికి ఆటలు సిద్ధం చేయమని పెద్ద మేడమ్ నాకు వారం గడువిచ్చారు. చెంచాలో బంతి పెట్టుకుని నడవమంటే ఒకడు బంతిని నోట్లో పెట్టుకున్నాడు. గాడిద బొమ్మకు తోక అంటించమంటే ఇంకొకతె తన గౌనుకే అంటించుకుని ఇంటికి వెళ్ళిపోయింది. చివరికి కుర్చీలాట ఒక్కటే నిలబడింది. పదకొండు మంది పిల్లలు, పది బుల్లి కుర్చీలు.

అవుటైనవాళ్ళు మూల కూర్చుని ముక్కులు చీదకుండా నేనొక ఉపాయం కనిపెట్టాను. అవుటైనవాళ్ళే వచ్చి పాటపెట్టె మీది ఎర్ర బొత్తాం నొక్కి తరువాతి పాట ఆపాలి. ఈ ముక్క మేడమ్‌కు కూడా నచ్చింది. అంతా బాగుందనుకునేసరికి ఆవిడ వేలు జాబితాలో ఒక పేరు మీద ఆగింది.

"ఈ గువ్వ ఎలా ఆడుతుందమ్మా?"

గువ్వ ఎడమ కాలికి మోకాలి దాకా ఊతగా ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. టకటకమని చప్పుడు చేస్తూ నడుస్తుంది, కాస్త నెమ్మదిగా.

"అందరిలాగే ఆడుతుంది మేడమ్."

"మొదటి పాటకే అవుటవుతుంది. అంతమంది ముందు ఏడిస్తే చూడ్డానికి బాగుంటుందా? ఒక కుర్చీకి పసుపు రిబ్బను కట్టు. అది దానిదే, ఎవరూ కూర్చోకూడదు." తరువాత పిల్లలవైపు తిరిగి, ముద్దుగానే చెప్పారు. "మన గువ్వ ఆటలో అరటిపండు. సరేనా?"

నాకు ఒళ్ళు మండింది. ఐదుగురిలో ఆఖరిదాన్ని నేను. మా ఇంట్లో ప్రతి ఆటలోనూ అరటిపండుని నేనే. దాక్కునే ఆటలో నన్ను ఎవరూ పట్టుకోలేకపోయేవారు. ఎనిమిదో ఏడు వచ్చేదాకా దాక్కోవడంలో నన్ను మించినవాళ్ళు లేరనే నమ్మాను. నన్నసలు ఎవరూ వెతకడం లేదని ఆ తరువాత తెలిసింది. ఆ రోజు ఎంత ఏడ్చానో ఇప్పటికీ గుర్తే.

మధ్యాహ్నం గువ్వ నా చీర కొంగు పట్టుకుని లాగింది.

"టీచర్, అరటిపండంటే ఏంటి?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆటలో ఉంటావు. కానీ నిన్ను ఎవరూ అవుట్ చెయ్యరు."

అది కొంగు వదల్లేదు. "మరి నేను ఎర్ర బొత్తాం ఎప్పుడు నొక్కాలి?"

"అది అవుటైనవాళ్ళ పని కదా," అన్నాను.

"నాకు అవుటవ్వాలనుంది టీచర్," అంది.

ఉత్సవం రోజు తల్లిదండ్రులతో హాలు కిటకిటలాడుతోంది. నేను వెళ్ళేసరికే ఒక కుర్చీకి పసుపు రిబ్బను కట్టి ఉంది. అందరూ చూస్తుండగానే దాన్ని విప్పి జేబురుమాలులా మడిచి మేడమ్ చేతిలో పెట్టాను.

ఆవిడ గొంతు తగ్గించి అన్నారు. "ఆ పిల్ల ఏడ్చిందో, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

"సరే మేడమ్."

ముందు వరసలో కూర్చున్న గువ్వ అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "టీచరమ్మా, కాస్త చూసుకో తల్లీ."

మొదటి పాట ఆపేది నేనే. చూస్తూ ఉంటే, గువ్వ ఏదో ఒక కుర్చీ పక్కకు వచ్చినప్పుడే నా వేలు దానంతటదే బొత్తాం మీద పడుతుందని నాకు తెలుసు. అందుకే గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనక టకటక చప్పుడు వినబడుతూనే ఉంది. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. కళ్ళు మూసుకుని నొక్కేశాను.

తిరిగి చూస్తే పది కుర్చీల్లో పదిమంది. మధ్యలో గువ్వ నిలబడి ఉంది. అమ్మమ్మ సగం లేచింది. మేడమ్ నావైపు చూసిన చూపుకి సోమవారం అప్పుడే వచ్చేసినట్టనిపించింది.

గువ్వ ఒక్కొక్క కుర్చీనీ వేలితో చూపిస్తూ చుట్టూ తిరిగింది. ఒక్కటీ ఖాళీ లేదు. దాని మొహం వెలిగిపోయింది.

"అమ్మమ్మా! నేను అవుట్! నిజంగా అవుట్!"

టకటకమంటూ నా దగ్గరికి వచ్చింది. "జరుగు టీచర్," అని నన్ను పక్కకు నెట్టింది. నేను ఒక కుర్చీ తీసేసి పాట పెట్టాను. గువ్వ వేలు బొత్తాం మీదే ఉంది. ఒక్క చరణం కూడా సాగనివ్వలేదు. పరుగు మీద ఉన్న తొందరబాబు అనే బుడతడు కుర్చీ దొరక్క నేల మీద చతికిలబడ్డాడు.

"నువ్వు అవుట్!" అని గువ్వ కేకేసింది.

తొందరబాబు మా మేడమ్‌కు సొంత మనవడు. కాళ్ళు బారచాపి హాలు ఎగిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు.

"నాయనమ్మా, నన్ను అరటిపండు చెయ్యి! నన్ను అరటిపండు చెయ్యి!"

మేడమ్ చేతిలో పసుపు రిబ్బను ఇంకా అలాగే ఉంది. నేను ఆవిడ మొహంలోకి సూటిగా చూశాను.

"ఆ పిల్ల ఏడవలేదు మేడమ్."

ఆవిడ ఏమీ అనకముందే గువ్వ వెళ్ళి వాడి చొక్కా పట్టుకుని లేపింది.

"అరటిపళ్ళు లేవు. లేచి రా, బొత్తాం నువ్వే నొక్కాలి."