చప్పుడు గుర్తుపట్టే చిప్పు

తప్పు స్క్రూడ్రైవరుదని కొడుకూ, కాదు పట్టినవాడిదేనని కూతురూ పొద్దున్నించీ వాదించుకుంటూనే ఉన్నారు. విప్పి పెట్టిన తన లాప్‌టాప్‌ వంకే చూస్తోంది కత్తెరమ్మ. బట్టలు కుట్టే ఆవిడను వీధంతా అలాగే పిలుస్తుంది. బడి యూనిఫారాల దగ్గర్నుంచి ఆసుపత్రి కోట్ల దాకా, ఏళ్ల తరబడి గీసిన కటింగు నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి.

నిన్న ఛార్జింగ్ ఎక్కక అది ఆగిపోయింది. రిపేరు షాపతను బోర్డు మొత్తం మార్చేద్దామన్నాడు. సాయంత్రం వచ్చి పట్టుకెళ్లమని కొడుకు చెప్పేశాడు. ఈలోగా తొందర ఆపుకోలేక డిస్కు ఊడదీసి తన లాప్‌టాప్‌లో పెట్టాడు. అదేమో డిస్కు తెరవాలంటే బారెడు అంకెలు చెప్పమంది. అమ్మ లాప్‌టాప్‌ కొన్నరోజే అది వాటిని దాచుకోమంటే, 'తర్వాత' అని నొక్కేసిన ఘనుడు వాడే.

డిస్కులో రాసిందంతా కలగాపులగం చేసి ఉంటుందని, దాన్ని విప్పే తాళం బోర్డు మీది గోరంత చిప్పు దగ్గరుంటుందని కూతురు చెప్పింది. ఆన్ చేసిన ప్రతిసారీ లాప్‌టాప్‌ ఎప్పటిలాగే మొదలైందా అని చూసుకుని గానీ చిప్పు ఆ తాళం వదలదట.

"మరి బోర్డు మారిస్తే?"

"చిప్పూ దాంతోనే పోతుందమ్మా. నమూనాలు డిస్కులోనే ఉంటాయి, ఎవరికీ పనికిరాకుండా."

"ఆ తాళమే లేకపోతే ఈ గోలే లేదు. మనింటికి దొంగలెవరొస్తారు?" అన్నాడు కొడుకు.

"దొంగలెందుకన్నయ్యా, బస్సులో బ్యాగు మర్చిపోయే నువ్వు చాలవూ?"

కత్తెరమ్మకు అత్తగారు గుర్తొచ్చింది. బీరువా తాళం నడుమున దోపుకుని, కోడలి అడుగుల చప్పుడు విన్నాకే ఇచ్చేది. ఒకరోజు కొత్త చెప్పులతో వెళితే ఇవ్వనే లేదు. నన్ను నమ్మదా అని ఆ పూట అన్నం మానేసింది కత్తెరమ్మ. చూపు సరిగా ఆనని ఆ మనిషికి చప్పుడు తప్ప ఆధారమేముందని అప్పుడు తోచలేదు.

భర్త కూడా భోజనానికి వచ్చి కూర్చున్నాక, అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా చెప్పింది.

"బోర్డు మార్చొద్దు. డిస్కును మళ్లీ దాని చోట పెట్టెయ్‌రా. ఛార్జింగ్ ఎక్కే చోటొక్కటే బాగుచేయిస్తాను."

"బాగవకపోతే?" అన్నాడు భర్త.

"మళ్లీ మొదట్నించీ గీసుకుంటాను. బాగైతే మాత్రం నమూనాలు ఇంకోచోట కూడా పెట్టుకుందాం, ఆ అంకెలు రాసుకుని మన నలుగురి దగ్గరా ఉంచుకుందాం. ఆ తాళం మటుకు ఎవరూ తీసెయ్యొద్దు."