పేరిందేవి సంతబేరము

హేమంత ప్రభాతము. మంచుతెరలను దొలగించుకొని యుదయించుచున్న బాలభానుని కుంకుమకిరణములు పెద్దాపురపు సంతబయలుపై వ్యాపింపగా తుహినకణభూషితములైన లేతవంకాయలును మరకతకాంతులీను కొత్తిమీరకట్టలును నిండుచూలాండ్రవలె గూర్చుండిన గుమ్మడిపండ్లును సువర్ణరాశులను బోలు కందిపప్పుకుప్పలును జూపరులకు గన్నులపండువు గావించుచుండెను. అమ్మువారి కేకలును గొనువారి బేరములును ఎడ్లమెడల గంటలమ్రోతయు నేకమై మంగళవాద్యమువలె దిక్కులను నింపుచుండెను.

అట్టి కోలాహలమధ్యమున అత్తమామల నడుమ నిలువబడి పైటచెరగు నోటికడ్డము పెట్టుకొని నవ్వు నాపుకొనుచున్న యువతి పేరిందేవి. ఆమె యాడుబిడ్డయగు హైమవతికి మరునాడు సీమంతము. హైమవతి యత్తగారైన భ్రమరాంబగారు బంధుసమేతముగా గాకినాడనుండి రానుండిరి. ఆమె విందులలో వంకలు వెదకుటయందు బ్రసిద్ధురాలు. వంట చెడినచో నా మాట హైమవతి కాపురమున నేండ్లతరబడి వినబడుచుండునని యింటిల్లిపాదికిని భయము. బడిపంతులైన పేరిందేవి మగడు కూడబెట్టి యిచ్చిన కొలదిపాటి సొమ్ము ఆమె కొంగుముడియందుండెను. అంతకుమించి దొరకు తెరువు లేదు.

మామగారైన పురుషోత్తమావధానులుగారు వెల తక్కువైనదే వస్తువనువారు. అత్తగారైన సూరమ్మగారు వెల హెచ్చైనదే వస్తువనువారు. బియ్యపు టంగడికడనే కలహ మారంభమయ్యెను.

“అమ్మాయీ, ఈ కొత్తబియ్యము కారుచవుక. ఏ బియ్యమైనను వండిన నన్నమే కదా!” అని యవధానులుగారు పలికిరి.

“చాలులెండి! వియ్యపురాలి విస్తరిలో ముద్దయైన యన్నము వడ్డించి తలవంచుకొందుమా? మల్లెమొగ్గలవంటి యా సన్నబియ్యమే కావలయును” అని సూరమ్మగారు మండిపడిరి.

పేరిందేవి బస్తాబస్తాకును జేయి చాచి గింజలను నోట వేసికొని కొరికి చూచి, అంత సన్నము గాకున్నను ఏడాది మాగి వండిన ముద్దగాని నడితరపు బియ్యమును గొలిపించెను. పిమ్మట నవధానులుగారు చవుకయని యక్కున జేర్చుకొన్న సొరకాయపై గోరు నొక్కి యది దిగకుండుట జూపి “మామగారండీ, ఇది ముదిరినది. సగము పారవేయవలసివచ్చిన జవుక యెట్లగును?” అనెను. నున్ననివి గావని సూరమ్మగారు త్రోసివేసిన వంకరవంకాయలను మాత్రము తొడిమల పచ్చదనము జూచి బుట్టనిండ నేరుకొని “తరిగి కూర వండిన పిదప వంకర యెవరికి గనబడును అత్తగారూ?” అని నవ్వెను. ఆ నవ్వునకు సూరమ్మగారికిని నవ్వు వచ్చెను.

చివరకు నేతియంగడి. చవుకనేతిని ముంజేతిపై రాచి వాసన చూడగా నూనెకంపు గొట్టెను. ప్రక్కదుత్తలోని యావునేయి కమ్మగా బూసకట్టి యుండెను గాని దాని వెల విన్నంతనే యవధానులుగారు రెండడుగులు వెనుకకు వేసిరి. లడ్డూలును జిలేబీలును అరిసెలును బూరెలును జేయవలెనని సూరమ్మగారి సంకల్పము. వానికి వలయు చక్కెరయు బెల్లమును గొన్నచో మంచినేతికి సొమ్ము మిగులదు. పేరిందేవి యొక్కక్షణ మాలోచించి “బూరె లొక్కటే చేయుదము. తక్కిన సొమ్మంతయు నీ నేతికే పెట్టుదము” అని పలికెను.

“ఒక్క తీపియా!” అని యత్తగారును “నేతి కింత వెలయా!” అని మామగారును నొక్కమారే యరచిరి. పెండ్లియైన నాటినుండి యేకాభిప్రాయ మెరుగని యా దంపతులు నాడు కోడలిపై నొక్కటైరి. పొరపడినచో నింద హైమవతికి దగులునని పేరిందేవి యెరుగును. అయినను ఆ సుగంధము నింకొకమారు పీల్చి కొంగుముడి విప్పెను.

మరునాడు పంక్తిలో గూర్చుండిన భ్రమరాంబగారు విస్తరి నీకొసనుండి యాకొసవరకు బరికించి “తీపివంట యిది యొక్కటియేనా?” అనిరి. హైమవతి మోము వెలవెలబోయెను. పేరిందేవి వేడిబూరె నడుమ వ్రేలితో గుంట చేసి కాచిన నేతిని నిండ బోసెను. ఆ పరిమళ మొక్కసారిగా బంక్తియంతయు నలముకొనెను. భ్రమరాంబగా రొక్కటి తినిరి. రెండవదియు దినిరి. మూడవదానికై తామే చేయి చాచిరి.

“మా యింట బది తీపులు చేయుదురు గాని తిన్న పిదప నొక్కటియు జ్ఞప్తి నుండదు. ఇట్టి నేయి మీ కెక్కడ దొరకెను? వంకాయకూర సయితము వెన్నవలె నున్నది!”

“వెలకు వెనుదీయక నేనే కొనిపించితిని చెల్లెమ్మగారూ!” అని యవధానులుగారు మీసము దువ్విరి.

“వంకాయలు చవుకగా నేనే యేరి తెచ్చితిని!” అని సూరమ్మగారు తల యెగురవైచిరి.

పేరిందేవియు హైమవతియు నొకరి మొగ మొకరు చూచుకొని పకపక నవ్విరి. వెల దేనికి బెట్టవలెనో దేనికి మానవలెనో యెరిగిన యిల్లాలి చేత గొంచెపు సొమ్మును నిండువిందై శోభిల్లును. కారణ మెరుగకయే వియ్యపురాలు నవ్వెను, పంక్తియంతయు నవ్వెను. నిండుచూలాలైన హైమవతి నవ్వి నవ్వి యాయాసముతో వదినగారి భుజముపై వాలగా నామె చేతుల కొత్తగాజులు గలగలమని మ్రోసెను.