ఆర్థర్ గారు పలికిన పాపం

ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు ఆర్థర్ గారు చర్చిలో వాక్యం చెబితే పెద్దవాళ్లు కూడా కళ్లు తుడుచుకునేవారు. అందుకే 1992లో, భూమి వేడెక్కుతోందని పేపర్లు రాస్తున్న రోజుల్లో, అక్కడి తెలుగువాళ్ల సభలో ఆ సంగతి మాట్లాడమని ఆయన్నే పిలిచారు. సభ ముగిశాక ఒక అర్జీ మీద సంతకాలు తీసుకోవాలి. ఊళ్లో పూరీ గేట్ దగ్గర టిఫిన్లమ్మేవాళ్ల బొగ్గుల పొయ్యిలు తీయించమని మునిసిపాలిటీకి అర్జీ. రాసింది కూడా ఆయనే.

"ఫ్యాక్టరీ పొగ దేశానికి అవసరం," అన్నారాయన. "స్కూటరు పొగ మన ఉద్యోగాలకు అవసరం. ఇక పూరీ గేట్ బొగ్గుల పొయ్యిలంటారా," అని చర్చిలో ఆగినట్టే కాసేపు ఆగి, "పాపం," అన్నారు.

చప్పట్లు మోగాయి. ఏ పొగ ఎంతని ఒక్కరూ అడగలేదు. మనమైతే అడుగుతామా, చెప్పండి?

ఆర్థర్ గారు దిగొచ్చి కూర్చున్న సంతకాల బల్ల దగ్గరికి సింహాచలమ్మ వచ్చింది. పూరీ గేట్ దగ్గర ఇడ్లీలమ్మి ముగ్గురు పిల్లల్ని సాకుతున్న మనిషి.

"బాబూ, మా పొయ్యిల్ని పాపం అన్నారు. ఇన్నేళ్లలో మమ్మల్ని సూసి అలగన్నోళ్లు ఎవులూ లేరు. మా పొయ్యిలు తియ్యొద్దనే గదా రాసినారు? నాకు సదువు రాదు. ఏలిముద్ర ఎక్కడెయ్యాలో సూపించండి."

ఆర్థర్ గారు దోషమనే అర్థంలో అన్న మాటను ఆవిడ జాలి అనుకుంది. అప్పటికే బొటనవేలికి సిరా అద్దుకుంది. తన పొట్ట తానే కొట్టుకోబోతోంది. ఆయన గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నారు. పక్కనే ఉన్న భార్య సూసన్న తల దించుకుంది.

"ఏటి బాబూ, నా ఏలు పనికిరాదా?"

"తియ్యమనే రాసినానమ్మా. నేను జాలితో అనలేదు."

సింహాచలమ్మ కోప్పడలేదు. సిరా వేలిని కొంగుకి తుడుచుకుంటూ, "మరి మీ స్కూటరు సంగతేటి బాబూ?" అని అడిగింది.

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. అర్జీ చించి జేబులో కుక్కుకుని మళ్లీ వేదిక ఎక్కారు.

"పొగను కొలవకుండానే పేర్లు పెట్టేశాను. నా పొగకు అవసరమని, ఈ తల్లి పొగకు పాపమని. సిగ్గుపడుతున్నాను. భూమి గురించి మాట్లాడుతున్నామనుకుంటాం గానీ, మనం ఎవరికి విలువిస్తామో వాళ్ల పొగనే మన మాట వెనకేసుకొస్తుంది."