ఉప్పు వెయ్యని కుండ

నల్లపెట్ట పెట్టిన గుడ్డు తాతమ్మ చేతిలో మెత్తగా అణిగింది. పెంకు లేదు, ఉత్త తోలే. వారంలో ఇది నాలుగోది.

వేరే కోడైతే ఆమె ఇంత బెంగ పెట్టుకునేది కాదు. పెళ్ళై నౌపడ వచ్చినప్పుడు వాళ్ళమ్మ గంపలో పెట్టి పంపిన కోడిపిల్లల సంతతి ముప్ఫై ఏళ్ళుగా ఆ పెరట్లో తిరుగుతోంది. నిరుడు కొక్కెర తెగులొచ్చి అన్నిటినీ ఊడ్చుకుపోయింది. మిగిలింది ఈ ముసలి పెట్ట ఒక్కటే. అమ్మా లేదిప్పుడు. ఇది ఒక్క గుడ్డయినా పొదిగి పిల్లని లేపకపోతే ఆ వరస ఇక్కడితో సరి.

పశువుల ఆస్పత్రిలో పనిచేసే మేనకోడలు ఉష వచ్చి పెట్టని అటూ ఇటూ తిప్పి చూసింది.

“తిన్నది ఒంటికి పట్టడం నేదత్తా. చోళ్ళు, నూకలు, కొంచెం తవుడు నీళ్ళల్లో నానెట్టు. గుడ్డ కప్పి మూడు రోజులు పులవనీ. రోజూ కలుపు. పుల్లటి వాసనొస్తే పెట్టు, కుళ్ళు వాసనొస్తే పారబొయ్యి.”

“ఏటే, పుట్టి బుద్దెరిగిన కాణ్ణించి తరవాణి పోస్తన్నాను. పులియెట్టడం నువ్వు నాకు నేర్పుతావేటి?”

నిజమే, గంజినీళ్ళు పులియబెట్టి అన్నంలో పోసుకునే తరవాణి ఆ ఇంట్లో ఏ వేసవీ తప్పలేదు. ఆ ధీమాయే కొంప ముంచింది. ఆమె మొగుడు కూర్మయ్య ఉప్పుమడుల్లో పనిచేస్తాడు. ఉప్పు కొలిచి వెయ్యడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, మానెయ్యడం అసలే లేదు. గింజల మీద నీళ్ళు పోసిన చెయ్యి దానంతటదే ఉప్పుకుండలోకెళ్ళి గుప్పెడు తెచ్చి వేసేసింది. వేసిన సంగతి తాతమ్మకే తెలీదు.

నాలుగోనాడు ఆ మేత తిన్న పెట్ట నీళ్ళమూకుడు వదల్లేదు. తాగింది, మళ్ళీ తాగింది, సాయంత్రానికి రెక్కలు వేలాడేసి గోడవార కూలబడింది.

కూర్మయ్య మేత నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. “ఒసే, దీన్లో ఉప్పేసేవేటే! మనకైతే సెల్లిపోద్ది గానీ కోడి పేనం తట్టుకుంటాదేటి?”

తాతమ్మకి అమ్మ ఇచ్చినదాన్ని తన చేత్తో తనే చంపుకున్నట్టయింది. రెండు రోజులు అన్నం సరిగా తినకుండా పెట్ట ముందు కూర్చుని కొద్దికొద్దిగా మంచినీళ్ళు తాగించింది. మూడోనాడు అది లేచి నిలబడి, ఏమీ జరగనట్టు ఆమె కాలివేలు పొడిచింది. తాతమ్మ ఏడ్చేసింది.

మళ్ళీ కుండ పెట్టింది. ఈసారి ముందు ఉప్పుకుండ ఇల్లు దాటింది. ఉప్పు చేతికివ్వకూడదు గనక పక్కింటి బుల్లమ్మ అరుగు మీద పెట్టి వచ్చాకే గింజల మీద నీళ్ళు పోసింది. ఆ మూడు రోజులూ కూర్మయ్య చప్పిడి కూర తిని, కోడి పత్యం తనకొచ్చిందేటని సణిగాడు.

మూడోనాటి ఉదయం గుడ్డ తీసిన తాతమ్మ అలాగే ఉండిపోయింది. గింజల మధ్య నుంచి బుడగలు. ఒకటి పైకొచ్చి చిట్లింది, దాని వెనకే ఇంకోటి. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపటమంటోంది. కింద మంట లేదు, ఎవరూ కదపలేదు. ఇన్నేళ్ళూ తరవాణి పోసింది కానీ, ఏనాడూ ఆగి కుండలోకి చూసిన పాపాన పోలేదు.

“మావా, ఇటు రా. నానేటీ ఎయ్యనేదు, ఉత్త నీళ్ళే. ఇందులో ఎవులున్నారో సూడు.”

కూర్మయ్య వంగి చూశాడు. సణుగుడు మానేశాడు.

నెల తిరిగేసరికి నల్లపెట్ట గట్టి గుడ్లు పెట్టింది. బుల్లమ్మ పుంజు ఈ పెరట్లోనే తిరిగేది గనక ఐదింటిని పొదగేశారు. నాలుగు మురిగిపోయాయి. ఇరవై ఒకటోనాడు ఐదోదాని మీద చిన్న బీట కనపడింది. లోపలి నుంచి ముక్కు తడుతోంది, ఆగుతోంది, మళ్ళీ తడుతోంది. గోటితో ఒలిచేద్దామని తాతమ్మ చెయ్యి చాపితే, చూడ్డానికొచ్చిన ఉష పట్టుకుంది.

“ఒద్దత్తా, రగతం కారతాది. దానంతటదే రావాల.”

గట్టి పెంకు కావాలని తెలిసిన దేవుళ్ళందర్నీ వేడుకున్న మనిషి, ఇప్పుడు అదే పెంకుని పగలమని బతిమాలుతూ కూర్చుంది. పొద్దెక్కింది. కూర్మయ్య మడికి వెళ్ళకుండా నిలబడిపోయాడు. చివరికి పెంకు రెండుగా విడిపోయి, తడిసి ముద్దయిన నల్లపిల్ల ఒకటి మెడ నిలవక తూలుతూ బయటపడింది.

తాతమ్మ దాన్ని ముట్టుకోలేదు. రెండు చేతులూ జోడించింది.

“అమ్మా, వచ్చీసేవేటి!” అంది.